గుడ్ల లెక్క తప్ప ఏమీ లేని డైరీ: అయోవా రైతు కుటుంబం గురించి ఏం రాయగలం?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు చెప్పుకుంటాను. మీరు మిన్నియాపొలిస్‌లో ఉంటున్నారు. మీ వారిది వాయవ్య అయోవాలోని రైతు కుటుంబం. పోయిన నెల మీ మామగారి ఇల్లు ఖాళీ చేస్తుండగా ఆయన తల్లికి చెందిన రెండు అట్టపెట్టెలు బయటపడ్డాయి. వాటిలో వెనక పేర్లు రాయని ఫొటోలు, జర్మన్ భాషలో ఉన్న ఒక చర్చి కాగితం, 1936 నుంచి 1940 దాకా ఆమె రాసిన డైరీ ఉన్నాయి. డైరీ నిండా "బట్టలు ఉతికాను, గుడ్లు 14 డజన్లు, గాలి ఎక్కువ" వంటి మాటలే ఉన్నాయనీ, "వాళ్ల జీవితాల్లో ఏమీ జరగలేదు, రాయడానికేముంది" అని ఇంట్లోవాళ్లు తేల్చేశారనీ, అయినా మీ పిల్లలిద్దరి కోసం ఏదో ఒకటి రాసి ఉంచాలని ఉందనీ అన్నారు. పెళ్లి చేసుకోకుండా బతుకంతా పరుల పొలాల్లో పనిచేసిన ఆమె తమ్ముడి జాడ ఎలా పట్టుకోవాలని కూడా అడిగారు.

రాయవచ్చు, పైగా మీ దగ్గరున్న సామగ్రి చాలామందికి దొరకనిది. అయితే వంశవృక్షంతో మొదలుపెట్టకండి, పనితో మొదలుపెట్టండి. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు పోయారు అన్న తేదీలు ఒక వారాంతంలో కంప్యూటర్ ముందు కూర్చుంటే దొరుకుతాయి, అవి దొరికాక కథ అక్కడే ఆగిపోతుంది. ఆ మనిషి పొద్దున లేచి ముందు ఏ పని చేసేది, నీళ్లు ఎంత దూరం నుంచి మోసేది, ఏ డబ్బు ఆమె చేతికి వచ్చేది, ఏది భర్త చేతికి పోయేది అన్న ప్రశ్నలను పట్టుకుంటే తేదీలు వాటంతట అవే వాటి చోట్లకు వచ్చి చేరతాయి.

నేను తూర్పు అయోవాలో ఉంటాను. 2007 నుంచి శనివారాలు మా కౌంటీ చరిత్ర సంఘంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను, ఇప్పటికి ముప్పైకి పైగా కుటుంబాలకు ఇటువంటి పెట్టెలు విప్పి చదవడంలో సాయపడ్డాను. అంతకుముందు నాకు తెలిసిందల్లా గుంటూరు జిల్లాలో మా తాతగారి వ్యవసాయమే. చిత్రమేమిటంటే ఇక్కడి పనికి ఆ తెలివిడే ఎక్కువగా ఉపయోగపడింది. కౌలు, పాలేరు, నూర్పిళ్లు, ఒకరింటి పనికి మరొకరు బదులు వెళ్లడం అన్నవి తెలిసినవారికి ఈ కాగితాలు త్వరగా అర్థమవుతాయి.

డైరీ గురించి. అయిదేళ్ల డైరీలో ఒక్కో తేదీకి ఒక్కో పేజీ ఉంటుంది, అందులో అయిదు సంవత్సరాలకు తలా నాలుగు పంక్తులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అంటే 1936 మే 4నాటి రాత కిందనే 1937 మే 4 కనిపిస్తుంది. దీన్ని పేజీ వెంట పేజీ చదివితే విసుగు పుడుతుంది. ఒక్కో సంవత్సరాన్ని విడదీసి గుడ్ల లెక్కను ఒక పట్టికలో రాసుకోండి. పగలు తగ్గే శీతాకాలంలో కోళ్లు తక్కువ పెడతాయి, వసంతంలో లెక్క పైకి లేస్తుంది, ఇది ఏటా వచ్చే మామూలు తీరు. ఈ తీరును దాటి లెక్క పెరిగితే ఆమె మంద పెంచిందని, హఠాత్తుగా పడిపోతే తెగులో, నక్కో, ఎండదెబ్బో తగిలిందని అర్థం. 1936లో ఆ ప్రాంతం జనవరి, ఫిబ్రవరి నెలల్లో విపరీతమైన చలిని, జూలైలో రికార్డులు బద్దలుకొట్టిన ఎండను, వాటి వెంట కరువును చూసింది. ఆ జూలై గుడ్ల లెక్క తప్పకుండా చూడండి.

ఆ లెక్క ఆమె ఎందుకు రాసిందో కూడా పిల్లలకు చెప్పాలి. మొక్కజొన్న, పందుల డబ్బు పంట కాలంలో వచ్చి కౌలుకూ అప్పుకూ పోయేది. గుడ్లు, మీగడ అమ్మగా వారం వారం వచ్చే చిల్లర మాత్రం ఇల్లాలి చేతిలో ఉండేది. శనివారం రాత్రి ఊళ్లోకి వెళ్లి దుకాణంలో గుడ్లు వేసి, కాఫీ, పంచదార, పిల్లల బూట్లు తెచ్చుకునేవారు. గుడ్ల పెట్టెకు 30 డజన్లు పట్టేవి. రోజుకు 14 డజన్లంటే రెండు రోజులకొక పెట్టె నిండుతున్నట్టే. అది పెరటి కోళ్ల వ్యవహారం కాదు, ఇంటిని నిలబెట్టిన వ్యాపారం.

మరో కుటుంబం డైరీలో నేను చూసిన ఒక విషయం చెబుతాను. ఒక ఏప్రిల్‌లో తొమ్మిది రోజులపాటు చేతిరాత మారింది. గుడ్ల లెక్క మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు, బండగా ఉన్న పెన్సిల్ రాతతో భర్త రాశాడు. పదో రోజున ఆమె రాత మళ్లీ వచ్చింది: "లేచాను. బట్టలు ఉతికాను. 11 డజన్లు." అంతకు మించి ఏమీ లేదు. చర్చి వెనకున్న శ్మశానంలో ఆ కుటుంబం వరుసలో పేరు లేని చిన్న రాయి ఒకటి ఉంది, దాని మీద ఆ సంవత్సరం మాత్రమే చెక్కి ఉంది. మనవరాలు ఆ రాయిని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నా, ఈ రెంటినీ పక్కపక్కన ఎవరూ పెట్టి చూడలేదు. అందుకే డైరీలో ఏముందో చూసినంత జాగ్రత్తగా చేతిరాత ఎక్కడ మారింది, ఏ రోజులు ఖాళీగా ఉన్నాయి, ఏ వారం సోమవారం బట్టలు ఉతకలేదు అన్నవి కూడా చూడండి. అప్పట్లో సోమవారం ఉతుకుడు దాదాపు ఎవరూ తప్పని ఆచారం. చేతి పంపు నుంచి నీళ్లు మోసి, పొయ్యి మీద కాచి, రోజంతా చేసే పని అది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1935లో ఏర్పడేనాటికి దేశంలో పదింట ఒక్క పొలానికి మాత్రమే కరెంటు ఉండేది. వాళ్ల ఇంటికి తీగ ఏ సంవత్సరం వచ్చిందో మీ మామగారిని అడగండి. పెళ్లి తేదీ మరచిపోయినవారు కూడా అది మరచిపోరు.

ఇప్పుడు జనాభా లెక్కలు. వ్యక్తుల వివరాలున్న పత్రాలను 72 ఏళ్లు దాటాక బయటపెడతారు కాబట్టి 1950 లెక్కలు 2022 ఏప్రిల్ 1న అందుబాటులోకి వచ్చాయి. మీకు ముఖ్యమైనవి 1940 లెక్కలు, ఎందుకంటే ఆ ఏప్రిల్ ఆమె డైరీలో కూడా ఉంది. జాతీయ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగా చూడవచ్చు. చూసి కంగారు పడకండి. 1939లో వచ్చిన ఆదాయం అన్న గడిలో మీ వారి తాతగారి పేరెదుట సున్నా కనిపించవచ్చు. ఆ గడి కూలికీ జీతానికీ సంబంధించినది, సొంతంగా సాగు చేసుకునేవారి రాబడి అందులోకి రాదు. పక్క గడిలో 50 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఇతర రాబడి ఉందా అని అడిగి "అవును" అని రాసి ఉంటారు. ఒక కుటుంబం వారు ఈ సున్నాను చూసి తమ తాత ఆ ఏడాది పని లేక కూర్చున్నాడని పుస్తకంలో అచ్చు కూడా వేయించారు.

నాయనమ్మగారి విషయంలో అన్యాయం ఇంకొంచెం ఎక్కువ. ఆమె ఎదుట ఇంటిపని అన్న సంకేతాక్షరం ఒక్కటి ఉండి, వృత్తి గడి ఖాళీగా ఉంటుంది. అదే వారం డైరీలో ఎన్ని డజన్ల గుడ్లు ఉన్నాయో లెక్క కట్టి, ఆ రెంటినీ పుస్తకంలో ఒకే పేజీ మీద పెట్టండి. మీరు వ్యాఖ్యానం రాయనక్కర్లేదు.

అయోవా రాష్ట్రం సొంతంగా కూడా జనాభా లెక్కలు తీసేది. వాటిలో 1925 నాటిది బంగారం వంటిది, ఎందుకంటే ప్రతి మనిషికీ తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా అడిగారు. ఆ కాలపు పత్రికలు పెళ్లయిన స్త్రీని భర్త పేరుకు ముందు "మిసెస్" తగిలించి మాత్రమే పిలిచేవి కనుక, ఆడవాళ్ల వైపు వెతుకులాట తరచు ఆగిపోతుంది. 1925 పత్రం దాన్ని ముందుకు కదిలిస్తుంది.

మార్చి 1ని గుర్తుపెట్టుకోండి. ఇది పుస్తకాలలో అరుదుగా చెప్పే సంగతి. 1930ల మధ్యనాటికి అయోవా పొలాల్లో దాదాపు సగం కౌలుదారుల చేతిలో ఉండేవి, కౌలు సంవత్సరం మార్చి 1న మొదలయ్యేది. కౌలు మారితే ఆ రోజున కుటుంబమంతా మంచాలు, పొయ్యి, కోళ్లు, పశువులతో సహా బురద దారుల్లో కొత్త పొలానికి వెళ్లేది. ఫిబ్రవరి చివరి వారాల పల్లె పత్రికలు సామాను వేలం ప్రకటనలతో నిండి ఉంటాయి. పాత కౌలు వదులుకునేవారు గుర్రాలను, పనిముట్లను, మీగడ తీసే యంత్రాన్ని, చివరికి వంటపాత్రలను కూడా పేరు పేరునా ప్రకటించేవారు. అటువంటి ప్రకటన ఒక్కటి దొరికితే ఆ ఇంట్లో ఏముండేదో తెలిసిపోతుంది. ఇంకొక చిక్కు కూడా దీనితో విడిపోతుంది. 1920 జనాభా లెక్కలు జనవరి 1 నాటి పరిస్థితిని, 1930, 1940 లెక్కలు ఏప్రిల్ 1 నాటి పరిస్థితిని చెబుతాయి. కాబట్టి కౌలుదారు 1920లో పాత పొలంలోనూ, తర్వాతి లెక్కల్లో అప్పుడే మారిన కొత్త పొలంలోనూ కనిపిస్తాడు. మీ డైరీలో అయిదు మార్చి ఒకటో తేదీలు ఒకే పేజీ మీద ఉంటాయి. ముందు ఆ పేజీ తీసి చూస్తే వాళ్లు సొంత రైతులో, కౌలుదారులో, ఎన్నిసార్లు మారారో తెలిసే అవకాశం ఉంది.

పాలేరుగా బతికిన ఆ తమ్ముడు. మీ మామగారి మేనమామ గురించి వెతకడం కష్టమే, కానీ అసాధ్యం కాదు. భూమి లేనివారికి భూమి పత్రాలు ఉండవు, పెళ్లి కానివారికి పెళ్లి పత్రాలు ఉండవు. 19వ శతాబ్దం చివరలో కౌంటీ కౌంటీకీ అచ్చయిన లావుపాటి చరిత్ర గ్రంథాల్లో అటువంటివారిని వెతకడం వృథా. వాటిలోని జీవిత చరిత్రలు ఎక్కువగా చందా కట్టినవారివి, అందుకే వాటిలో ప్రతి ఒక్కరూ కష్టజీవులూ దైవభక్తులూ అయి ఉంటారు! సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ వృద్ధాప్య పింఛను పథకం) రికార్డు కూడా మొదట్లో పనికిరాదు. ఆ పథకం 1930ల మధ్యలో వచ్చినా పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని పక్కన పెట్టింది, స్థిరంగా పనిచేసే వ్యవసాయ కూలీలకు అది 1951లో గానీ వర్తించలేదు. అంతవరకూ రికార్డు లేదంటే ఆయన పనిచేయలేదని కాదు.

మగవాడు కనుక సైన్యం కోసం నమోదు చేసిన చీట్లు ఆయనకు ఉండి తీరాలి. మొదటి ప్రపంచ యుద్ధపు నమోదు 1917, 1918లలో జరిగింది. రెండవ యుద్ధకాలంలో, 1942 ఏప్రిల్‌లో, 45 నుంచి 64 ఏళ్ల మధ్య వారిని కూడా నమోదు చేశారు. ఆ చీటీలో యజమాని పేరు, ఊరు ఉంటాయి. దాన్ని పట్టుకుని అదే కాలపు కౌంటీ భూ పటం తెరిస్తే ఆ యజమాని పొలం ఏ సెక్షన్‌లో ఉందో కనబడుతుంది. అక్కడ ప్రతి టౌన్‌షిప్ ఆరు మైళ్ల చదరం, అందులో చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు, ఒక్కొక్కటి 640 ఎకరాలు. ఈ గళ్ల లెక్క వల్ల, నేలమీద సెంటు భూమి లేని మనిషి కూడా 1942 వసంతంలో ఏ 160 ఎకరాల్లో నిలబడి ఉన్నాడో వేలు పెట్టి చూపించవచ్చు.

ఆ చీటీ వెనుక గుర్తుపట్టడానికి ఉపయోగపడే శరీర లక్షణాలు రాసేవారు. నేను చూసిన ఒకదానిలో "కుడిచేతి రెండు వేళ్లు లేవు" అని ఉంది. ఆయన వేళ్లు యుద్ధంలో పోయాయని ఇంట్లో అందరూ నమ్మేవారు. పల్లె పత్రికలో 1919 నవంబరు నాటి రెండు వాక్యాల వార్త దొరికింది: మొక్కజొన్న చొప్పను ముక్కలు చేసే యంత్రంలో చెయ్యి పడింది. కుటుంబానికి ఇది మొదట నచ్చలేదు. కానీ ఆ యంత్రాలు ఆ నేల మీద ఎందరి చేతులు తిన్నాయో పెద్దవాళ్లకు తెలుసు, ఆ రాత్రి భోజనాల దగ్గర మరో ముగ్గురి పేర్లు వాళ్లే చెప్పారు.

ఆ నమోదు చీటీ ముందువైపు ఇంకొక ప్రశ్న ఉంటుంది: మీ చిరునామా ఎల్లప్పుడూ తెలిసి ఉండే వ్యక్తి ఎవరు? పెళ్లయినవారు భార్య పేరు రాస్తారు. ఒంటరి పాలేరులు రాసిన పేర్లు చూస్తే నాకు చదవడం ఆగిపోతుంది: యజమాని భార్య, ఊళ్లో దుకాణదారు, పక్క కౌంటీలో ఉన్న అక్క. మీ వారి నాయనమ్మ పేరు అక్కడ ఉంటే, అంతకంటే విలువైన కాగితం మీ పుస్తకంలో మరొకటి ఉండదు. (మా తాతగారింట్లో నలభై ఏళ్లు పనిచేసిన పాలేరు ఇంటిపేరు నాకు ఈరోజుకీ తెలియదు. ఈ చీట్లు చదవడం మొదలుపెట్టాక గానీ అది తప్పని నాకు తోచలేదు.)

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు "మీ చిన్నతనం ఎలా ఉండేది" అని అడిగితే "అందరిలాగే" అన్న జవాబు వస్తుంది. ఒక తెల్లకాగితం ముందు పెట్టి వంటగది గీయమనండి, పొయ్యి ఏ గోడకు ఉండేది, గుడ్లు ఎక్కడ తుడిచేవారు అని అడగండి. వస్తువు చేతికివ్వడం ఇంకా మేలు. 2009లో, 1921లో పుట్టిన ఒక పెద్దాయనతో గంటసేపు మాట్లాడినా పొడిమాటలే వచ్చాయి. మా సంఘం అల్మారాలో ఉన్న ఇనుప కొక్కెం, మొక్కజొన్న పొత్తు పైపొరలు చీల్చడానికి తోలు పట్టీతో అరచేతికి కట్టుకునేది, తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఏమీ అనకుండా దాన్ని కట్టుకుని, ఎడమచేత్తో లేని పొత్తును పట్టుకుని, కొక్కెంతో చీల్చి, విరిచి, తల తిప్పకుండానే పక్కకు విసిరారు. బండికి అవతలివైపు ఎత్తుగా పలకలు కట్టి ఉంచేవారట, పొత్తు దానికి తగిలి బండిలో పడేది. గుర్రాలు మాట వింటూ సాలు వెంట నడిచేవి. గట్టి పనివాడు రోజుకు వంద బుషెళ్లు (బుషెల్ అంటే అక్కడి ధాన్యపు కొలత) వలిచేవాడు. "పలకల చప్పుడు ఆగితే మా నాన్న తలెత్తి చూసేవాడు" అన్నారాయన. అక్కడి నుంచి రెండు గంటలు మాట్లాడారు, నేను ప్రశ్నలు మానేశాను.

జర్మన్ కాగితం విషయానికి వస్తే, పాత చేతిరాత అయితే ఇప్పటి జర్మన్ వచ్చినవారు కూడా చదవలేకపోవచ్చు, లూథరన్ చర్చిలలో దానిని చదవగల వృద్ధులు కొందరు ఇంకా ఉన్నారు. దానితోపాటు ఒక నేపథ్యం తెలుసుకోండి. 1918 మేలో అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ బహిరంగ స్థలాల్లో, రైళ్లలో, ఫోన్లలో, ప్రార్థనల్లో సైతం ఇంగ్లిష్ తప్ప మరో భాష వాడరాదని ప్రకటన జారీ చేశారు. ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో జర్మన్ నోరు మూసుకుంది. "మా వాళ్లకు జర్మన్ రాదు" అని మీ మామగారి తరం చెబితే, రాదా, లేక పిల్లల ముందు మాట్లాడటం మానేశారా అన్నది విడిగా అడగండి. ఇంట్లో తెలుగు నిలుపుకోవడానికి తంటాలు పడే మనకు ఈ ప్రశ్న అడగడం ఎలాగో తెలుసు.

మరో మాట. ముత్తాతలు "ఖాళీ నేల" మీదికి వచ్చి కష్టపడ్డారని మాత్రం రాయకండి. ఆ నేలను అంతకుముందు మూలవాసుల నుంచి ఒప్పందాల పేరిట, బలవంతంగా ఖాళీ చేయించారు. మెస్క్వాకీ ప్రజలు 1857లో టామా కౌంటీలో సొంత డబ్బుతో 80 ఎకరాలు కొనుక్కుని తిరిగి అక్కడ నిలదొక్కుకున్నారు. మీ పుస్తకంలో ఒక పేరాకు చోటిస్తే చాలు, దాని వల్ల ముత్తాతల కష్టం తగ్గిపోదు.

ఫొటోల గురించి ఎక్కువ చెప్పను: జిగురు ఆల్బమ్‌లలోంచి తీయండి, వెనుక మెత్తని పెన్సిల్‌తోనే రాయండి, ఊహించిన పేరు పక్కన ప్రశ్నార్థకం తప్పక పెట్టండి. సొంత ఫొటోల్లో ఇంటి లోపలి భాగం లేకపోతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఫొటోగ్రాఫర్ రస్సెల్ లీ 1936 డిసెంబరులో స్మిత్‌లాండ్ దగ్గర తీసిన చిత్రాలు చూడండి, అది మీవాళ్ల ప్రాంతమే. బల్ల చుట్టూ నిలబడి క్రిస్మస్ భోజనం చేస్తున్న నలుగురు పిల్లల చిత్రం ఒకటుంది. ఆ భోజనంలో బంగాళాదుంపలు, క్యాబేజీ, "పై" అనే తీపి వంటకం మాత్రమే ఉన్నాయని కింద రాసి ఉంటుంది. ఆ చిత్రాన్ని మీవాళ్లదన్నట్టు వాడవద్దు, ఆ ఏడాది ఆ చుట్టుపక్కల కొందరి ఇల్లు ఇలా ఉండేదని చెప్పి వాడండి.

పని పూర్తయ్యాక అసలు డైరీని ఇంట్లో అటక మీద పెట్టకండి. అయోవా సిటీలో విశ్వవిద్యాలయంవారి అయోవా విమెన్స్ ఆర్కైవ్స్ ఉంది. పల్లె స్త్రీల డైరీలు, ఉత్తరాలు కూడా వాళ్లు సేకరిస్తారు. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన లూయీస్ నూన్ 1991లో తన దగ్గరున్న, మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో వేసిన చిత్రాన్ని వేలంలో అమ్మి ఆ డబ్బుతో ఈ ఆర్కైవ్స్‌కు నిధి సమకూర్చారు. గుడ్ల లెక్కలు దాచడానికి ఫ్రిదా కాలో చిత్రం అమ్మారని మా సంఘంలో నవ్వుతూ చెప్పుకుంటాం. ఇచ్చే ముందు బతికున్నవారి రహస్యాలు ఏవైనా అందులో ఉన్నాయేమో మీ మామగారితో కలిసి చదవండి. అటువంటివి ఉంటే కొన్నేళ్లపాటు ఎవరికీ చూపకూడదన్న షరతు పెట్టవచ్చు.

ఈ వారం మీరు చేయవలసింది ఒక్కటే. డైరీలో నవంబరు 11 పేజీ తీసి అన్నిటికంటే కింద ఉన్న నాలుగు పంక్తులు చదవండి. 1940లో ఆ రోజు పొద్దున కోటు అక్కర్లేనంత వెచ్చగా ఉండి, కొన్ని గంటల్లోనే ఉష్ణోగ్రత పడిపోయి, అయోవా, మిన్నెసోటాల మీద మంచు తుపాను విరుచుకుపడింది. వేటకు వెళ్లినవారు నీళ్ల ఒడ్డునే గడ్డకట్టి చనిపోయారు, అయోవా ఆపిల్ తోటలు దెబ్బతిన్నాయి. అది సోమవారం, అంటే ఆమె బట్టలు ఉతికే రోజు. ఆ మధ్యాహ్నం బట్టలు ఇంకా తాడు మీదే ఉన్నాయో, కోళ్లను లోపలికి తోలగలిగిందో, మర్నాడు గుడ్ల లెక్క ఎంతో చూడండి. చేతిరాత అర్థం కాకపోతే, పేర్లు కనబడకుండా కప్పి ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.